కాలేయంలోంచి ఒక్క మెతుకు
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ నేను మీతో ముచ్చటించబోయేది లివరు బయాప్సీ గురించి. పేరు వినగానే రేడియో కట్టేద్దామనుకుంటున్నారేమో, కాస్త ఆగండి. ఈ మాట మన ఇళ్ళల్లో వినబడటం ఇప్పుడంత అరుదేమీ కాదు. మీకు కాకపోతే మీ ఆడపడుచుకో, మీవారికో, ఎదురింటి మామ్మగారి అబ్బాయికో డాక్టరుగారు ఏదో ఒకనాడు "లివరులోంచి చిన్న ముక్క తీసి చూడాలమ్మా" అనవచ్చు. ఆ మాట చెవిన పడగానే మనకు రెండు భయాలు పుడతాయి. కడుపు కోస్తారన్నది ఒకటి. కాన్సరేమో, మనదగ్గర దాస్తున్నారన్నది రెండోది. చాలామంది విషయంలో ఈ రెండూ నిజం కాదు. నేను ఏళ్ళ తరబడి ఆస్పత్రి వార్డులో సిస్టరుగా పనిచేశాను. ఈ సూది వేయించుకోవటానికి వచ్చిన ఆడవాళ్ళ పక్కన నిలబడి వాళ్ళ చెయ్యి పట్టుకున్నదాన్ని. వాళ్ళు నన్ను అడిగిన ప్రశ్నల్నే జ్ఞాపకం చేసుకుని ఇవాళ మీకు చెబుతాను.

లివరును పుస్తకాల్లో కాలేయం అంటారు. మాంసం వండుకునే ఇళ్ళల్లో కార్జం అంటే చటుక్కున తెలుస్తుంది. కుడివైపు పక్కటెముకల కింద, ఎముకల చాటున భద్రంగా కూర్చుని ఉంటుంది. పెద్దవాళ్ళలో సుమారు కిలోంబావు నుంచి కిలోన్నర దాకా తూగుతుంది. మనం తిన్న తిండిలోని చక్కెరను దాచిపెట్టేది, పైత్యరసాన్ని తయారుచేసేది, మింగిన మందుల్ని విరిచి బయటికి పంపేది అదే. తెగిన చోట రక్తం గడ్డకట్టటానికి కావలసిన పదార్థాల్లో ఎక్కువ భాగం తయారయ్యేది కూడా అక్కడే. ఈ చివరి సంగతి గుర్తు పెట్టుకోండి, తరవాత పనికొస్తుంది. ఇన్ని పనులు చేస్తున్నా లివరు నోరు మెదపదు. దాని లోపల నొప్పి తెలిపే నరాలు లేవు, పైనున్న పొరకు మాత్రమే ఉన్నాయి. అంచేత లోపల సగం చెడేవరకూ పైకి ఏమీ తెలియకపోవచ్చు. మా వార్డులో ఒక పెద్ద సిస్టరు అనేది, "ఇది ఇంటి ఇల్లాలి లాంటిదే, మంచం ఎక్కితేగాని ఎవరూ పట్టించుకోరు" అని.

ఇక బయాప్సీ అంటే ఏమిటి? అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెడన్నం కుమ్మరించుకోం కదా, ఒక్క మెతుకు పట్టుకు చూస్తాం. ఇదీ అంతే. సన్నటి బోలు సూదితో లివరులోంచి ఒక చిన్న పోగు తీసి, దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. ఎంత పోగు అంటారా? పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు, మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. సేమియా పుల్లలోంచి విరిచిన తునక అనుకోండి. మొత్తం లివరులో అది 50,000 వంతు. అంటే 50 కిలోల బియ్యం బస్తాలోంచి ఒక్క గ్రాము బియ్యం తీసినట్టు. అంతమాత్రానికి బస్తా తరిగిపోదు. పైగా లివరుకు మళ్ళీ పెరిగే గుణం ఉంది. బిడ్డకోసం తన లివరులో కొంత భాగం దానం చేసిన తల్లికి మిగిలిన లివరు కొన్ని వారాల్లో, నెలల్లో దాదాపు మునుపటంత అవుతుంది. అలాంటిదానికి ఈ సేమియా ముక్క ఒక లెక్కలోది కాదు.

మరి రక్తపరీక్షలున్నాయి, స్కానింగులున్నాయి, మళ్ళీ ఈ సూది ఎందుకని మీరు అడగాలి. తప్పకుండా అడగాలి. రక్తపరీక్షలో ఎస్.జి.పి.టి. అంకె పెరిగిందంటే లివరులో మంట ఉన్నదని అర్థం. పొగ కనిపించింది గనక ఎక్కడో నిప్పు ఉన్నదని తెలుస్తుంది, ఆ నిప్పు ఎవరు పెట్టారో తెలియదు. వైరసా, కొవ్వా, ఏదైనా మందా, పసరా, లేక మన ఒంట్లోని రక్షణశక్తే తిరగబడి మన లివరు మీద పడిందా? చాలాసార్లు రక్తంలోనే దీనికి జవాబు దొరుకుతుంది. దొరకనప్పుడు, లేదా దొరికిన జవాబు మీద ఏళ్ళ తరబడి వాడవలసిన గట్టి మందులు మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు, డాక్టరుగారు ముక్క చూడాలంటారు.

మా బంధువుల్లో ఒకావిడ సంగతి చెబుతాను. వయస్సు నలభై దాటింది. రోజంతా నీరసం, కాళ్ళు పీకుతున్నాయనేది. ఇంటిచాకిరీ వల్ల అనుకున్నారు అందరూ, ఆవిడతో సహా. ఒకరోజు కళ్ళు పచ్చబడ్డాయి. పరీక్ష చేయిస్తే ఎస్.జి.పి.టి. చాలా ఎక్కువ వచ్చింది. హెపటైటిస్ బి లేదు, సి లేదు. మందు వాసనకూడా పడని మనిషి. డాక్టరుగారు బయాప్సీ అన్నారు. ఇంట్లో అత్తగారు "సూది పెడితే లేని రోగం లేస్తుంది" అన్నారు, మావగారు ఎవరో పచ్చకామెర్లకు పసరు పోస్తారన్నారు. నాలుగు నెలలు పసరు పోయించారు. మధ్యలో రెండు వారాలు కళ్ళు తెల్లబడ్డాయి, పసరు పనిచేసిందని సంబరపడ్డారు. ఆ తరవాత మళ్ళీ పచ్చబడి, ఈసారి కాళ్ళకు నీరు కూడా పట్టింది. అప్పుడు చేయించారు బయాప్సీ. ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ అని తేలింది. ఇందాక చెప్పానే, ఒంట్లోని రక్షణశక్తే లివరు మీద తిరగబడటమని, అదన్నమాట. ఇది మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ వస్తుంది. దీనికిచ్చే స్టీరాయిడ్లవల్ల షుగరు రావచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు. అంచేత ముక్క చూసి నిర్ధారణ చేసుకోకుండా మొదలుపెట్టటానికి డాక్టర్లు వెనకాడతారు. ఆవిడకు మాత్రలు మొదలెట్టిన కొద్ది నెలల్లో అంకెలు దిగివచ్చాయి. అయితే ఆ నాలుగు నెలల్లో లివరులో కొంత గట్టిపడిపోయింది. అది పూర్తిగా మెత్తబడుతుందో లేదో ఇంకా చూస్తూనే ఉన్నారు.

పసరు మాట వచ్చింది గనక ఇంకొక్క మాట. ఆకుమందులన్నీ విషమని నేననను. కాని "ప్రకృతి సిద్ధమైనదే కదా, ఏమవుతుంది" అన్న ధీమా వద్దు. కోవిడ్ రోజుల్లో చాలామంది ఒంట్లో శక్తి పెరుగుతుందని తిప్పతీగ కషాయం తాగారు. అలా తాగిన ఆరుగురిలో లివరు దెబ్బతిన్నదని ముంబై వైద్యులు 2021లో ఒక వైద్యపత్రికలో రాశారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ మాటను ఒప్పుకోలేదు. ఆ తగవులో మనం తలదూర్చనక్కరలేదు. మీరు మింగుతున్నది ఏదైనా సరే, మాత్ర, లేహ్యం, పొడి, కషాయం, ఆఖరికి సన్నబడటానికని పక్కింటావిడ ఇచ్చిన డబ్బా కూడా, డాక్టరుగారి ముందు పెట్టండి. తిడతారని దాచకండి.

అందరికీ బయాప్సీ అక్కరలేదు, ఈ మాట కూడా స్పష్టంగా చెప్పాలి. ఒకప్పుడు లివరు ఎంత గట్టిపడిందో తెలుసుకోవాలంటే సూది తప్ప దారి లేదు. ఇప్పుడు ఫైబ్రోస్కాన్ అని ఒక పరీక్ష ఉంది. పక్కటెముకల మీద ఒక కడ్డీలాంటిది ఆనించి చిన్న కుదుపు ఇస్తారు, ఆ కుదుపు లోపల ఎంత వేగంగా ప్రయాణించిందో చూసి లివరు గట్టిదనం లెక్క కడతారు. నొప్పి లేదు, కోత లేదు. ఫాటీ లివరు ఉన్న చాలామందికి, హెపటైటిస్ ఉన్నవారికి దానితోను, రక్తపరీక్షలతోను సరిపోతుంది. అయితే గట్టిదనం ఎంతో చెబుతుంది గాని, ఎందుకు గట్టిపడిందో అది చెప్పలేదు. అలాగే లివరులో గడ్డ కనిపిస్తే అన్నిసార్లూ సూది పెట్టరు. కొన్ని రకాల కాన్సరును సి.టి., ఎం.ఆర్.ఐ. స్కానింగుల్లోనే గుర్తుపట్టగలరు. అలాంటి గడ్డలో సూది పెడితే అరుదుగా ఆ దారి వెంట కణాలు అంటుకునే ప్రమాదం ఉంది కనుక, చూసి చూసి అవసరమైతేనే పెడతారు. అంచేత డాక్టరుగారు బయాప్సీ అన్నప్పుడు "ఈ రిపోర్టు వచ్చాక నా వైద్యంలో ఏం మారుతుందండీ?" అని మర్యాదగా అడగండి. దానికి తిన్నని జవాబు వస్తే ఒప్పుకోవటం తేలిక.

ఈ సూదికి పెద్ద చరిత్రే ఉంది. 1883లో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే వైద్యశాస్త్రవేత్త మొట్టమొదట లివరులోంచి సూదితో తీసి చూశాడంటారు. కాని దాన్ని జబ్బులు తెలుసుకునే మార్గంగా నిలబెట్టినవారిలో ఒక స్త్రీ ఉన్నదని చెబితే మీకు సంతోషంగా ఉంటుంది. ఆమె షీలా షెర్లాక్. 1918లో డబ్లిన్‌లో పుట్టి, ఎడింబరోలో వైద్యం చదివింది. రెండో ప్రపంచయుద్ధకాలంలో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రిలో కామెర్ల రోగులకు సూదితో బయాప్సీ చేసి లివరులో జరుగుతున్నదేమిటో పరిశీలించింది. 1955లో ఆమె లివరు జబ్బుల మీద రాసిన పుస్తకం తరతరాల డాక్టర్లకు పాఠమైంది. 1959లో బ్రిటన్‌లో మెడిసిన్ ప్రొఫెసరు పదవి పొందిన మొదటి మహిళ కూడా ఆమే. అప్పట్లో సూది లోపల చాలాసేపు ఉంచవలసి వచ్చేది. 1958లో ఇటలీకి చెందిన మెన్‌గినీ అనే డాక్టరు ఒక్క సెకండులో పని ముగించే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ మీకు సూది అలా వచ్చి ఇలా పోతున్నదంటే అది ఆయన చలవే.

సరే, డాక్టరుగారు తేదీ ఇచ్చారనుకోండి. ముందుగా రక్తపరీక్షలు చేస్తారు. రక్తం గడ్డకట్టే పదార్థాలు లివరులో తయారవుతాయని ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా. లివరు జబ్బు ఉన్నవాళ్ళకు అవి తగ్గి ఉండవచ్చు. అందుకని ప్రోత్రాంబిన్ టైము చూస్తారు, ప్లేట్‌లెట్లు లెక్కపెడతారు. ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నరకు పైన ఉంటాయి. బాగా పడిపోయి 50,000 దరిదాపులకు వస్తే వెంటనే సూది పెట్టరు, వేరే దారి ఆలోచిస్తారు. ఆ వేరే దారి ఏమిటంటే, మెడ దగ్గరి పెద్ద రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, లోపలి నుంచే లివరు ముక్క తీయటం. కడుపులో నీరు బాగా చేరినవారికి కూడా అలాగే చేస్తారు. ఆ పద్ధతిలో ఒకవేళ రక్తం కారినా రక్తనాళంలోకే పోతుంది, కడుపులోకి కాదు.

ఇంట్లో మీరు చెయ్యవలసిన ముఖ్యమైన పని మందుల జాబితా రాసుకోవటం. రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతున్నారా? ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి కొన్ని రోజుల ముందు ఆపమంటారు. కాని మీకు మీరుగా ఆపకండి. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు సొంతంగా మానేస్తే లివరు సంగతి ఎలా ఉన్నా గుండెకు ముప్పు. ఎప్పుడు ఆపాలో, తిరిగి ఎప్పుడు వేసుకోవాలో డాక్టరుచేత కాగితం మీద రాయించుకోండి. మోకాళ్ళ నొప్పులకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే బిళ్ళలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. చాలామంది వాటిని మందులుగా పరిగణించరు, చెప్పటం మరచిపోతారు. షుగరు బిళ్ళలు, ఇన్సులిన్ వాడేవారు పరగడుపున ఉండాల్సిన రోజున ఎంత వేసుకోవాలో ముందే అడగాలి. నెల తప్పినట్టు అనుమానం ఉంటే చెప్పండి. బహిష్టు సమయమైతే, మామూలుగా అధికంగా పోయే మనిషైతే, అదీ చెప్పండి. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. వెనకెప్పుడైనా పన్ను పీకించుకున్నప్పుడు, కాన్పులోను రక్తం ఆగక ఇబ్బంది పడి ఉంటే అది మరీ ముఖ్యంగా చెప్పవలసిన సంగతి. పంటికి మత్తు సూది ఇచ్చినప్పుడు దద్దురు లేచినా చెప్పండి, ఇక్కడ వాడేదీ ఆ జాతి మందే.

ఒక చిన్న అభ్యాసం కూడా ఉంది. ఇంట్లో మంచం మీద వెల్లకిలా పడుకుని, ఊపిరి పూర్తిగా వదిలేసి, పది పదిహేను అంకెలు లెక్కపెట్టేవరకూ బిగపట్టి చూడండి. రోజూ నాలుగైదుసార్లు చేస్తే చాలు. ఎందుకో తరవాత చెబుతాను.

ఇక సంతకం మాట. ఆస్పత్రిలో ఒక అంగీకార పత్రం ఇస్తారు. మనలో చాలామంది అది "ఆయన చూసుకుంటారు" అని భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో పెడతారు. ఒళ్ళు మనది, సంతకం మనదే కావాలి. తెలివితో ఉన్న పెద్దవయసు స్త్రీ తరపున ఇంకొకరి సంతకం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చి చెప్పింది. ఒకావిడను పరీక్షకని మత్తులో ఉంచి, ఆమె తల్లి సంతకంతో గర్భసంచీ తీసేశారు. పరీక్షకు ఇచ్చిన అంగీకారం వేరు, చికిత్సకు ఇచ్చిన అంగీకారం వేరని కోర్టు అన్నది. మీకు పత్రం అర్థంకాకపోతే తెలుగులో చెప్పమనండి. ఎవరు చేస్తారు, ఎంతసేపు ఉండాలి, ఏదైనా జరిగితే ఇక్కడే చూడగలరా అని అడగండి. అడిగినందుకు ఎవరూ ఉరి తియ్యరు.

ఆ రోజు ఉదయం సాధారణంగా కొన్ని గంటలపాటు ఏమీ తినవద్దంటారు. కొన్నిచోట్ల తేలిగ్గా తినిరమ్మంటారు కూడా. మీ ఆస్పత్రివారు ఏది చెబితే అది చెయ్యండి, పక్కింటావిడకు చెప్పినది కాదు. వదులైన బట్టలు కట్టుకోండి. ఆస్పత్రి గౌను ఇస్తారు, పైభాగం కాస్త తొలగించవలసి వస్తుంది కనుక సిస్టరును పక్కన ఉండమని అడగవచ్చు. నగలు ఇంట్లో పెట్టి రండి. లోపలికి వెళ్ళేముందు మూత్రానికి వెళ్ళి రండి. ఇది చిన్న సలహాలా కనిపిస్తుంది గాని, తరవాత గంటల తరబడి లేవనివ్వరు.

మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచెయ్యి తలకింద పెట్టుకోమంటారు. అల్ట్రాసౌండు స్కానింగుతో లివరు ఎక్కడుందో, పక్కన పిత్తాశయం, ఊపిరితిత్తి ఎంతదూరంలో ఉన్నాయో చూసుకుని, కుడి పక్కటెముకల మధ్య పెన్నుతో గుర్తు పెడతారు. చల్లటి మందుతో తుడుస్తారు. పైన గుడ్డ కప్పుతారు. అప్పుడు మత్తు సూది. నిజం చెప్పాలంటే చురుక్కుమనేది ఇదే. చీమ కుట్టినట్టని మీకు చెబితే నమ్మకండి, కందిరీగ కుట్టినట్టుంటుంది. ఒక అరనిమిషం మంట, ఆ తరవాత ఆ చోటు మొద్దుబారుతుంది. మనిషికి తెలివి ఉంటుంది, మాట్లాడవచ్చు. మరీ బెదిరినవారికి కాస్త నిద్రమందు ఇస్తారు.

తరవాత చర్మం మీద చిన్న గాటు పెడతారు. అది తెలియదు. ఇప్పుడు డాక్టరుగారు "ఊపిరి వదలండి, ఆపండి" అంటారు. మీరు ఇంట్లో చేసిన అభ్యాసం ఇందుకే. ఊపిరి తీసినప్పుడల్లా లివరు కిందికి జారుతుంది, వదిలితే పైకి పోతుంది. సూది లోపల ఉన్న ఆ ఒకటి రెండు సెకండ్లు అది కదలకుండా ఉండాలి. కదిలితే పైపొర చీరుకోవచ్చు. "టక్" మని శబ్దం వస్తుంది, స్టేప్లరు నొక్కినట్టు. ఆ శబ్దానికి ఉలిక్కిపడేవాళ్ళే ఎక్కువ. అందుకని నేను ముందే చప్పట్లు కొట్టి చూపించేదాన్ని. ఎవరో లోపల గుద్దినట్టు ఒక ఒత్తిడి, అంతే. కొందరికి ఆ క్షణంలో కుడిభుజం లాగుతుంది. సూది పక్కటెముకల దగ్గర పెడితే భుజం ఎందుకు నొస్తుందని కంగారుపడకండి. లివరు పైనున్న ఉదరవితానానికీ భుజానికీ నరాలు మెడలో ఒకేచోటునుంచి బయలుదేరుతాయి. మెదడు పొరబడి భుజం నొప్పి అనుకుంటుంది. ముక్క చాలకపోతే మరోసారి సూది పెట్టవచ్చు. రెండోసారి అన్నారంటే ఏదో కనిపించిందని కాదు, ముక్క చిన్నదని. మొత్తం లోపల ఉండేది పావుగంట, ఇరవై నిమిషాలు. అందులో సూది పని రెప్పపాటు.

అసలు ఓపిక కావలసినది ఆ తరవాత. చిన్న ప్లాస్టరు వేసి కుడివైపు ఒత్తిగిలి పడుకోమంటారు. అలా పడుకుంటే మన బరువే లివరు మీద ఆని గాయాన్ని నొక్కిపట్టినట్టవుతుంది. గంటో రెండుగంటలో అలా, ఆ తరవాత వెల్లకిలా, మొత్తం నాలుగు నుంచి ఆరు గంటలు పక్క దిగకూడదు. మొదట పావుగంటకొకసారి, తరవాత అరగంటకొకసారి నాడి, బి.పి. చూస్తుంటారు. కళ్ళు మూసుకునేలోగా మళ్ళీ వచ్చి చెయ్యి పట్టుకుంటారని విసుక్కున్నవాళ్ళను చూశాను. లోపల రక్తం కారుతుంటే మనకు తెలియకముందే నాడి వేగం చెబుతుంది, అందుకని. మన ఆడవాళ్ళు ఇక్కడ చేసే పని ఒకటుంది. బెడ్‌పాన్ అడగటానికి మొహమాటపడి మంచినీళ్ళు మానేస్తారు, లేదా ఎవరూ చూడకుండా దిగి బాత్‌రూముకు వెళ్ళిపోతారు. ఒక తల్లి అలా వెళ్ళి కళ్ళు తిరిగి తలుపుదగ్గర కూలబడింది. బెడ్‌పాన్ పెట్టటం సిస్టరుకు, ఆయాకు నిత్యం ఉండే పని. వాళ్ళేమీ అనుకోరు.

నొప్పి ఉంటుందా అంటే ఉంటుంది. మత్తు దిగాక చాలామందికి సూది పెట్టినచోట, భుజంలో, సన్నగా సలుపుతుంది. పారాసెటమాల్‌తో తగ్గుతుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అది కూడా డాక్టరుగారు చెప్పిన మోతాదులోనే వేసుకోవాలి. నొప్పి పెరుగుతూ పోతే మటుకు పంటిబిగువున ఓర్చుకోకండి. కాన్పు నొప్పులు ఓర్చుకున్నదాన్ని ఇదొక లెక్కా అంటారు మనవాళ్ళు. ఇక్కడ ఓర్పు గుణం కాదు సుమండీ. నొప్పి పెరగటం లోపల రక్తం కారుతున్నదనటానికి గుర్తు కావచ్చు.

ప్రమాదం ఎంత? దాచకుండా చెబుతాను. ఎక్కువమందికి ఏమీ కాదు. కొద్దిమందికి ఆస్పత్రిలో ఉంచి చూడవలసినంత రక్తస్రావం కావచ్చు. కొందరికి రక్తం ఎక్కించవలసి వస్తుంది. పక్కనున్న అవయవానికి సూది తగలటం చాలా అరుదు. ప్రాణం పోయే ప్రమాదం సుమారు 10,000 మందిలో ఒకరికి అని వైద్యగ్రంథాలు చెబుతాయి. ఆ ఒక్కరిలోనూ ఎక్కువగా అప్పటికే జబ్బు బాగా ముదిరినవారే ఉంటారు. ఇటలీలో 68,000కు పైగా బయాప్సీల లెక్కలు తీసి 1986లో ప్రచురించారు. ఇబ్బంది వచ్చినవారిలో నూటికి 60 మందికి మొదటి రెండుగంటల్లోనే వచ్చింది, 96 మందికి ఒక రోజు లోపల వచ్చింది. ఆరుగంటలు పడుకోమనటం, ఆ రాత్రి ఒంటరిగా ఉండవద్దనటం దీనివల్లనే.

చాలాచోట్ల సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు. దూరపు ఊరినుంచి వచ్చినవారు ఆ రాత్రి బస్సెక్కి వెళ్ళిపోకండి. ఆస్పత్రికి అరగంటలో చేరగలిగినచోట, బంధువుల ఇంటనో ఎక్కడో ఉండండి, తోడు ఒకరు ఉండాలి. సొంతంగా స్కూటరు, కారు నడుపుకుంటూ రావద్దు. తిండికి పత్యమేమీ లేదు, మామూలు అన్నమే తినవచ్చు. ఏదైనా ప్రత్యేకంగా మానమన్నారా అంటే అది మీ జబ్బును బట్టి, బయాప్సీని బట్టి కాదు. ప్లాస్టరు తడపకుండా ఒకరోజు ఉంచి, మర్నాడు తీసి స్నానం చెయ్యవచ్చు.

బరువులు ఎత్తవద్దని డాక్టరుగారు అంటారు. మగవాళ్ళకైతే అర్థమవుతుంది. మన ఇళ్ళల్లో బరువంటే ఏమిటో ఎవరికీ కనబడదు. నీళ్ళు నిండిన బకెట్టు బరువే. తడిసిన దుప్పట్లు పిండి తీగ మీద వెయ్యటం బరువే. గ్యాసు సిలిండరు జరపటం, నిండా వండిన కుక్కరు దించటం, చంకెక్కుతానని మారాం చేసే మూడేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకోవటం, పనిమనిషి రాలేదని వంగి ఇల్లంతా తుడవటం, ఇవన్నీ బరువులే. ఒక వారంపాటు ఇవి మానాలి. కాబట్టి బయాప్సీ తేదీ ఖాయమైన రోజునే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఎవరు ఏది చూస్తారో పంచండి. పిల్లవాడు పక్కన కూర్చుంటే కథ చెప్పవచ్చు గాని, ఎత్తుకోవద్దు. అమ్మనో అక్కనో నాలుగు రోజులు రమ్మంటే తప్పులేదు. "ఏం పెద్ద ఆపరేషనా, చిన్న సూదే కదా" అని ఎవరైనా అంటే, డాక్టరు రాసిన కాగితం చూపించండి. పైకి కనిపించేది ఆవగింజంత మచ్చే గనక ఆ మాట అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు.

ఇంటికి వచ్చాక కడుపు నొప్పి ఎక్కువవుతున్నా, భుజం నొప్పి తగ్గకపోగా పెరుగుతున్నా, ఊపిరి తీసుకోవటం కష్టమైనా, కళ్ళు తిరిగి చెమటలు పట్టినా, జ్వరం చలి వచ్చినా, విరేచనం తారులా నల్లగా అయినా, వాంతిలో రక్తం పడినా తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. రాత్రి ఎంతైనా సరే వెళ్ళిపోవాలి. ఆస్పత్రి ఫోను నంబరు గోడ మీద పాలవాడి లెక్క పక్కన రాసి ఉంచండి, మీకే కాదు ఇంట్లో అందరికీ కనిపించేలా.

ఇక ఆ ముక్క సంగతి. దాన్ని మందులో వేసి లాబ్‌కు పంపుతారు. అక్కడ మైనంలో పోతపోసి, తలవెంట్రుక మందంలో పదోవంతుకన్నా పలచగా పొరలు కోసి, గాజుపలకల మీద పరచి రంగులు వేస్తారు. అందుకని రిపోర్టు రావటానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పైన పడుతుంది. ఆలస్యమైందంటే చెడ్డకబురని కాదు, ఇంకో రంగు వేసి చూస్తున్నారని కూడా కావచ్చు. రిపోర్టులో మంట ఎంత ఉందో, మచ్చకట్టి గట్టిపడటం ఎంత ఉందో రాస్తారు. గట్టిపడటాన్ని సాధారణంగా సున్నా నుంచి నాలుగు దాకా అంకెల్లో వేస్తారు. సున్నా అంటే లేదని, నాలుగంటే సిర్రోసిస్ అని. మందు ముట్టని ఆడదానికి సిర్రోసిస్ ఏమిటని చెవులు కొరుక్కునే లోకం ఇది. షుగరువల్ల, ఒంట్లో కొవ్వువల్ల, వైరస్‌వల్ల, ఇందాక చెప్పిన ఆటో ఇమ్యూన్ జబ్బువల్ల కూడా అది వస్తుంది. ఆ మాట మీ ఇంట్లోవాళ్ళకు డాక్టరుగారి నోటనే చెప్పించండి.

మెతుకు పట్టుకు చూడటంలో ఉన్న లోపం మీకు తెలిసిందే. పైన పలుకుగా ఉండి అడుగున మాడిన రోజులూ ఉంటాయి. లివరు అంతటా జబ్బు ఒకేలా ఉండకపోవచ్చు. తీసిన పోగు మరీ చిన్నదైతే ఏదీ తేల్చలేకపోవచ్చు. అంచేత డాక్టర్లు ఈ రిపోర్టునొక్కదాన్నే కాక, రక్తపరీక్షలతో, స్కానింగుతో కలిపి చదువుతారు. రిపోర్టు చేతికి రాగానే అందులోని మాటలు పట్టుకుని ఇంటిల్లిపాదీ అర్థాలు వెతుక్కుని ఏడవటం కంటే, డాక్టరుగారిని కలిసేవరకూ కవరు మూసి ఉంచటం మేలని నా అభిప్రాయం.

ఆఖరుగా ఒక చిన్న సంగతి. రిపోర్టు కాగితం ఇచ్చాక ఆ గాజుపలకలు, మైనపు ముక్క లాబ్‌లో ఉంటాయి. మీరు ఇంకో డాక్టరుగారి సలహా కోసం హైదరాబాదో, మద్రాసో వెళితే అక్కడివాళ్ళు మళ్ళీ సూది పెట్టకుండా ఆ పలకల్నే చూడవచ్చు. అడిగి, రసీదు రాసి తెచ్చుకోండి. ప్లాస్టిక్ డబ్బాలో దూది వేసి పెట్టుకోండి, చీరల మడతల్లో పెట్టి పెట్టెలో కుక్కితే దారిలో పగిలిపోతాయి. మైనపు ముక్కను ఎండలో ఉంచకండి, కరుగుతుంది. ఆ డబ్బా మీద పేరు, తేదీ, లాబ్ నంబరు రాసి, రైల్లో చేతిసంచీలోనే ఉంచుకోండి.